ఫ్యాక్టరీ బాధితుడి విన్నపం

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పెద్దల సముఖానికి, ఇంటి పద్దులు రాసుకునే ఒక గృహస్థు విన్నవించుకోవడమేమనగా:

నెల ఖర్చుల కోసం జావాలో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ‘చెల్లింపు’ అని తల్లి క్లాసు. దాని కింద పాలు, గ్యాసు, కరెంటు. పాలలో నాగాలు తీసేయాలి, కరెంటుకు శ్లాబులు చూడాలి. ఏ పద్దు వస్తుందో ప్రోగ్రాం నడిచేటప్పుడు గానీ తెలియదు గనక, కావలసిన ప్రతిచోటా ఇఫ్, ఎల్స్ అనుకుంటూ తగిన పిల్ల క్లాసును పుట్టించుకుంటున్నాను. సుఖంగానే ఉన్నాను.

మా అమ్మాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చూసి, “ఇదే తంతు ఇన్ని చోట్లేంటి నాన్నా? ఆ పుట్టించే పనికి ఫ్యాక్టరీ పెట్టు” అంది. ఇల్లే ఇరుకు, అందులో ఫ్యాక్టరీ! 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ అనే నలుగురు 23 డిజైన్ ప్యాటర్న్‌లను పుస్తకానికెక్కించారు. ఫ్యాక్టరీ మెథడ్ అందులో ఒకటి. మేం పెట్టింది అదీ కాదట. అందులో ఏది పుట్టించాలో ఫ్యాక్టరీ తాలూకు పిల్ల క్లాసే తేలుస్తుందట, మాది ఉత్త సింపుల్ ఫ్యాక్టరీ అట. తక్కిన ప్యాటర్న్‌లు మా గడప తొక్కకముందే ఈ విన్నపం తమకు చేరాలని నా ఆత్రం.

తీరా ఫ్యాక్టరీ లోపలికి తొంగిచూస్తే, నా పాత ఇఫ్‌లూ ఎల్స్‌లే! ఇదేంటమ్మా అంటే, “ఎక్కడో ఒకచోట ఉండాలిగా, ఇప్పుడు ఒక్కచోటే ఉన్నాయి” అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి ముందుకు పోతున్నాను.

అసలు ఫిర్యాదు జావా మీదే. క్యాలెండర్ అబ్‌స్ట్రాక్ట్ క్లాసు, నేరుగా పుట్టదు. గెట్‌ఇన్‌స్టన్స్ అని అడుక్కోవాలి. మామూలుగా గ్రెగోరియన్ ఇస్తుంది. అదే థాయ్‌లాండ్ లొకేల్ పెట్టిన కంప్యూటరైతే బౌద్ధ క్యాలెండర్ చేతిలో పెడుతుంది, 2025 కాస్తా 2568 అవుతుంది. ఆ లెక్కన పాలవాడికి 543 ఏళ్ల బాకీ! పెళ్ళిళ్ళ పేరయ్య ‘మంచి సంబంధం’ అన్నట్టే. అబ్బాయెవరో పీటల మీద చూసుకోవాలి. రెండు క్యాలెండర్లలోనూ జనవరి నెల నంబరు మాత్రం సున్నాయే. అక్కడ పక్షపాతం లేదు.

క్లాసు పేర్లు ఫైల్లో రాసి క్లాస్.ఫర్‌నేమ్‌తో పిలవమని ఇంకో సలహా. ‘కరెంటు’ బదులు ‘కరంటు’ అని పడితే కంపైలర్ నోరు మెదపదు. బిల్లు కట్టే రోజున క్లాస్‌నాట్‌ఫౌండ్ అంటూ ప్రోగ్రాం చతికిలబడుతుంది.

ఇప్పుడు నీళ్ల ట్యాంకర్ పద్దు వచ్చిపడింది. కొత్త క్లాసొకటి రాసి, ఫ్యాక్టరీలో ఒక్క వరుస కలిపితే చాలంటోంది మా అమ్మాయి. ఆ వరుస ఎవరు కలపాలో తమరే సెలవివ్వగలరు. తను ఆఫీసు కాల్‌లో ఉంది.