బ్రౌనీ ఫలశ్రుతి

వ్రతకథకు ఫలశ్రుతి ఉన్నట్టే ఈమధ్య ప్రతి తీపి వంటకానికీ ఒక ఫలశ్రుతి తగులుకుంటోంది. ఇంట్లో చేసే ఆరెంజ్ చాక్లెట్ బ్రౌనీ సంగతే తీసుకోండి. వంట వీడియోలో వెన్న కరుగుతుంది, చాక్లెట్ కరుగుతుంది, పంచదార గిన్నెలోకి జలజలా జారుతుంది. అంతవరకూ ఎవరూ ఆరోగ్యం ఊసెత్తరు. చివర్లో ఒక పండు తొక్కను సన్నగా తురిమి పిండిలో వేయగానే గొంతు మారుతుంది. విటమిన్ సి, యాంటీ ఆక్సిడెంట్లు, రోగనిరోధక శక్తి, పైగా ‘గిల్ట్ ఫ్రీ’. అప్పటిదాకా పుట్టినరోజు తీపిగా ఉన్న పదార్థం ఆ తురుము పడిన క్షణం నుంచి పథ్యమైపోతుంది. వాట్సాప్ స్టేటస్‌లో ఆర్డర్లు తీసుకునే అపార్ట్‌మెంట్ వంటిళ్లలోనూ ఇదే మంత్రం: మైదా లేదు, పంచదార లేదు, పండు ఉంది, ఇంట్లో చేసింది. బ్రౌనీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తొక్క మీద అసలే లేదు. తీపి తినాలనే కోరికకు వైద్యుడి చీటీ పుట్టించే ఈ విద్య మీదే నా అభ్యంతరమంతా.

ముందు ట్రే లెక్క చూద్దాం. ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకి మామూలుగా చెప్పే కొలతలు కాస్త అటూఇటూగా ఇలా ఉంటాయి: పంచదార 250 గ్రాములు, డార్క్ చాక్లెట్ 200, వెన్న 150, మూడు గుడ్లు, మైదా 80 నుంచి 100. దాన్ని 16 ముక్కలు కోస్తారు. ముక్కకు పంచదార 15 గ్రాముల పైమాటే. చాక్లెట్‌లో ముందే కలిసి ఉన్నది వేరే. రోజు మొత్తం తిండి నుంచి వచ్చే శక్తిలో ఇలా కలిపిన చక్కెరల వాటా 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి దిగితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ రెండో హద్దు పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు. రెండు ముక్కలతోనే అది దాటిపోతుంది, ఇంకా ఆ పూట కాఫీ తాగనే లేదు. పోనీ పంచదార తగ్గించి చేద్దామంటే బ్రౌనీ ఒప్పుకోదు. పైన కాగితంలా పగిలే పలచని పొర, లోపల కొరికితే జిగురుగా సాగే గుణం రెండూ పంచదార చలవే. గుడ్లతో కలిపి గిలక్కొట్టినప్పుడు అందులో కరిగిన పంచదారే ఆ పొర కడుతుంది, లోపలి తేమను పట్టి ఉంచేదీ అదే. సగానికి సగం తగ్గిస్తే ట్రేలోంచి దిగేది చాక్లెట్ రంగు రొట్టె. పంచదార లేని బ్రౌనీ అని ఎవరైనా అంటే, వాళ్లు ఇంకేదో చేసి ఉండాలి, లేదా పంచదారకు మారుపేరు పెట్టి ఉండాలి.

ఇంత పంచదారను పవిత్రం చేసే బాధ్యత ఒక్క తొక్క మీద పడింది. పాపం, దాని శక్తి ఎంత? ఒక పండు పైతొక్క తురిమితే వచ్చేది దరిదాపు ఒక టేబుల్ స్పూను, అంటే 6 గ్రాములు. పచ్చి తొక్కలో విటమిన్ సి బాగానే ఉంటుంది, గుజ్జులో కంటే ఎక్కువే. అయినా ఆరు గ్రాములకు దక్కేది 8 మిల్లీగ్రాములు. పదహారు ముక్కలకు పంచితే తలా అర మిల్లీగ్రాము. ఆ అర మిల్లీగ్రామునూ 180 డిగ్రీల దగ్గర అరగంట కాలుస్తారు. వేడికి ఓర్వలేని విటమిన్లలో సి ముందు వరసలో ఉంటుంది. అయినా మనం ఉదారంగా, కాలి పోయింది రవ్వంత కూడా లేదనే అనుకుందాం. భారత వైద్య పరిశోధన మండలి 2020లో స్త్రీలకు సిఫారసు చేసిన మోతాదు రోజుకు 65 మిల్లీగ్రాములు. అది బ్రౌనీతోనే తీరాలంటే ఒకావిడ రోజుకు 130 ముక్కలు, అంటే ఎనిమిది ట్రేల పైచిలుకు ఆరగించాలి. దారిలో రెండు కిలోల పంచదార, కిలోకు పైగా వెన్న కూడా లోపలికి పోతాయి. రోగనిరోధక శక్తి వచ్చేలోపు అంబులెన్స్ వస్తుంది. ఇంత సాహసం అక్కర్లేకుండానే, బండి మీద దొరికే వంద గ్రాముల జామకాయ ఒక్కటి 200 మిల్లీగ్రాములు దాటించి ఇస్తుంది. కాకపోతే జామకాయను రిబ్బన్ కట్టిన డబ్బాలో పెట్టి అమ్మడం కష్టం.

అలాగని చాక్లెట్‌కీ నారింజకీ పొత్తు కుదరదని ఎవరూ అనరు. బ్రహ్మాండంగా కుదురుతుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో టెర్రీస్ కంపెనీ 1932లోనే నారింజపండు ఆకారంలో, తొనలు తొనలుగా విడిపోయే చాక్లెట్ బంతిని అమ్మకానికి పెట్టింది. క్రిస్మస్ రోజుల్లో దాన్ని బల్లకేసి కొట్టి తొనలు విడదీసుకోవడం బ్రిటన్‌లో ఇప్పటికీ ముచ్చటే. బ్రౌనీ పుట్టుక గురించి షికాగోలోని పామర్ హౌస్ హోటల్ చెప్పుకునే కథలో కూడా పండు ఉంది: 1893 ప్రపంచ ప్రదర్శనలో మహిళలకిచ్చే భోజనపు డబ్బాల కోసం బెర్తా పామర్ చేయించిన ఆ తీపి మీద ఆప్రికాట్ పూత పూశారట. రుచి కోసమే పండును వాడారు, అంతకు మించిన కారణం దానికి అక్కర్లేకపోయింది. ఆ రుచి మర్మమైనా మన ఆరోగ్య ప్రచారకులకు తెలుసా అంటే అనుమానమే. సువాసన అంతా పైతొక్కలోని సన్నని నూనె తిత్తుల్లో, లిమోనీన్ ప్రధానంగా ఉండే తైలంలో ఉంటుంది. రసంలో ఉండేది కాస్త పులుపు, కాస్త తీపి, బోలెడు నీళ్లు. ‘పండు ఎక్కువ ఉంటే మేలు ఎక్కువ’ అని అరకప్పు రసం పోస్తే బ్రౌనీ చిక్కదనం పోయి కేకు అవుతుంది, నారింజ జాడ మాత్రం నాలుకకు తగలదు. తురమడంలో తెల్లపొర దాకా పోతే చేదు. ఈ లోటును కొందరు ఎసెన్స్ సీసాతో, రెండు రంగు చుక్కలతో పూడుస్తారు. విటమిన్ వాక్యం మాత్రం చెక్కుచెదరదు.

తొక్క దగ్గరే ఇంకొంచెం ఆగాలి. ‘రసాయనాలు లేనిది’ అని డబ్బా మీద రాసి, సూపర్‌మార్కెట్లో నిగనిగలాడే దిగుమతి నారింజ తొక్కను అందులో తురుముతారు. ఆ నిగనిగ చాలాసార్లు మైనం పూతది. దూరప్రయాణంలో బూజు పట్టకుండా ఆ తొక్కకే మందు కూడా పట్టిస్తారు. లోపలి తొనలు తినేవాడికి దాంతో పెద్దగా పనిలేదు, తొక్క తినేవాడికే పని. కనీసం వేడినీళ్లతో రుద్ది కడగమని చెప్పే వీడియోల కంటే, రోగనిరోధక శక్తి గురించి చెప్పే వీడియోలే ఎక్కువ. వింత ఏమిటంటే నల్గొండ, అనంతపురం తోటల నుంచి వచ్చే మన సాత్‌గుడి బత్తాయి ఆ దిగుమతి నారింజకు సొంత చుట్టమే. వృక్షశాస్త్రం లెక్కలో రెండూ ఒకే జాతి తియ్య నారింజ. తొక్క గుజ్జుకు అంటుకుని ఉంటుంది గనుక వదులు తొక్క నాగపూర్ కమలా కంటే తురమడానికి ఇదే అనువు. అయినా ‘బత్తాయి బ్రౌనీ’ అని బోర్డు పెట్టే ధైర్యం ఎవరికీ రాదు. బత్తాయి అంటే జ్వరం వచ్చినవాళ్లకు రసం తీసిచ్చే పండు గదా! నిజంగా రోగి దగ్గరికి వెళ్లే పండుకు ఇక్కడ చోటు లేదు, ఆరోగ్యం పేరు మాత్రం కావాలి.

ఇక పంచదారకు పెట్టిన మారుపేర్ల సంగతి. బెల్లం, తేనె, ఖర్జూరం ముద్ద, కొబ్బరి చక్కెర. బెల్లంలో కొంచెం ఇనుము, ఇతర లవణాలు ఉన్నమాట నిజం. ఎక్కువ భాగం ఉన్నది మాత్రం ఆ చెరకు చక్కెరే, కేలరీల్లో రెంటికీ పెద్ద తేడా లేదు. గుడ్డు లేకుండా చేస్తామనేవారు తరచుగా వాడే తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి పైగా చక్కెరే, అయినా అది ‘పాలు’ ఖాతాలో పడిపోతుంది. ఈ మారువేషాలను మన చట్టం ఎప్పుడో పసిగట్టింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం ‘పంచదార కలపలేదు’ అని చెప్పుకోవాలంటే తేనె సహా ఏ రకం చక్కెరా కలిపి ఉండకూడదు. తీపి చాక్లెట్ లాంటి దినుసు ఉండకూడదు. చక్కెరకు బదులుగా ఎండు పండ్ల ముద్ద వాడి ఉండకూడదు. ఈ మూడూ తీసేస్తే మన ‘షుగర్ ఫ్రీ’ బ్రౌనీలో మిగిలేవి వెన్న, గుడ్లు, పిండి, ఆ తొక్క.

పిండి మార్చడం ఇంకో ఘనకార్యం. మైదా తీసి రాగిపిండి వేస్తే చాలట, బ్రౌనీ చిరుధాన్యాల వంటకం అయిపోతుందట. ట్రేలో అన్నిటికంటే తక్కువ తూకం ఉన్న దినుసుల్లో ఒకటి పిండి. దాన్ని మార్చి, మిగతా ఆరు వందల గ్రాముల పంచదార, వెన్న, చాక్లెట్‌ను ముట్టుకోకపోవడం మీసాలకు సంపెంగ నూనె రాయడమే. ఇక కోకోకి గుండెను కాపాడే గుణం ఉందనే మాటకు కొంత ఆధారం లేకపోలేదు. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2023లో కోకో ఫ్లావనాల్స్ గురించి షరతులతో ఒక ప్రకటనకు ఒప్పుకుంది. ఆ షరతులు చదివితే సరదా తీరిపోతుంది: ఆధారాలు చాలా పరిమితమని చెప్పి తీరాలి, ఫ్లావనాల్స్ ఎక్కువగా ఉన్న ప్రత్యేకమైన కోకో పొడికే అది వర్తిస్తుంది, మామూలు కోకో పొడికీ, చాక్లెట్‌కీ వర్తించదు. పైగా బ్రౌనీకి నల్లటి నిండు రంగు రావాలని వాడే పొడిని క్షారంతో శుద్ధి చేస్తారు, ఆ శుద్ధిలో ఫ్లావనాల్స్ చాలావరకు పోతాయి. రంగు ఎంత ముదిరితే గుణం అంత ఎక్కువనుకునేవాళ్లకు ఇది చేదువార్తే.

‘ఏమైనా బేకరీ సరుకు కంటే ఇంట్లో చేసింది మేలు కదా’ అనే మాటకు జవాబు చెప్పాలి. శుభ్రతలో, తాజాదనంలో మేలు కావచ్చు, ఏం వేశామో మనకు తెలుస్తుంది కూడా. తెలిసినదాన్ని చెప్పకపోవడమే ఇక్కడి సమస్య. ఇంటి వంటకు వాడే చాక్లెట్ చాలాసార్లు ‘కాంపౌండ్’ అనే చవక దిమ్మ. కోకో వెన్న తీసేసి దాని స్థానంలో గట్టిపరచిన పామ్ గింజల నూనె లాంటి కొవ్వు వేస్తారు. దేశంలో కోకో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసే రైతులు గిట్టుబాటు ధర కోసం 2025లో ఏలూరులో ఆందోళన చేయాల్సి వచ్చింది. ఆ గింజలోని అసలు వెన్నను వదిలేసిన దిమ్మ కరిగించి ‘ప్యూర్ చాక్లెట్’ అంటే ఇల్లు మారినంత మాత్రాన కొవ్వు మారదు. ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అనేది ఇంకా గొప్ప మాట. అంత పంచదార, అంత వెన్న ఉన్న ముక్కను బూజు ఒకటి రెండు రోజుల్లో ముట్టుకోదు, ఎందుకంటే ఆ మోతాదు పంచదారే ఒక నిల్వ పదార్థం. 2024లో పండ్ల రసం డబ్బాల మీద ‘వంద శాతం’ అనే మాట తీసేయమని ప్రభుత్వం కంపెనీలకు చెప్పింది. బోర్న్‌విటా లాంటివాటిని ‘హెల్త్ డ్రింక్’ల వరసలోంచి తప్పించమని ఆన్‌లైన్ అంగళ్లకు సలహా ఇచ్చింది. పెద్ద కంపెనీల చేత మాన్పించిన మాటే వంటింట్లోంచి వస్తే నిజమైపోతుందా?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడవాళ్ల పొట్ట మీద ఎందుకు కొడతారు అని. నిజమే, ఉద్యోగం వదిలేసిన చదువుకున్న మహిళలకు ఓవెన్ ఒక ఆధారమైంది, దాన్ని గౌరవించాలి. అయితే ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆడవాళ్ల చేతిపనికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండ మీద బియ్యపు పిండి రేకు తీసి, నెయ్యీ పంచదారా బెల్లమూ వేసి మడిచే ఆ నేర్పు పేరు తెచ్చుకున్నది రుచి వల్ల. అరిసెకు, కాజాకు, బందరు లడ్డుకు ఎవరూ విటమిన్ లెక్క అడగలేదు, అవి ఇవ్వనూ లేదు. నిజానికి ఆరోగ్యం పేరు చెప్పి అమ్మేవాళ్లు తమ చేతి నేర్పునే చిన్నబుచ్చుతున్నారు. పొర సరిగా పగిలేలా, మధ్యభాగం పచ్చిగా ఉండకుండా, తొక్క చేదు దిగకుండా బ్రౌనీ తీయడం తేలిక కాదు. ఆ పనికి ధర అడగొచ్చు, దబాయించి అడగొచ్చు.

‘ఒక చిన్న అతిశయోక్తి, దానివల్ల ఎవరికి నష్టం’ అనేవారూ ఉంటారు. నష్టం మోతాదులో ఉంది. తీపి అని తెలిసినదానికి మన ఇళ్లలో ఒక రోజు, ఒక సందర్భం, ఒక హద్దు ఉంటాయి. పండక్కి చేస్తారు, పిల్లాడు మూడోది అడిగితే కసురుతారు. అదే పదార్థం పథ్యమని పేరు పెట్టుకోగానే బడి డబ్బాలోకి, సాయంత్రం టీ పక్కకి, చివరికి మధుమేహం ఉన్న తాతగారి పళ్లెంలోకి రోజూ చేరుతుంది, వద్దనే మనిషి ఉండరు. పండు తినని పిల్లలకు ఇలాగైనా పండు పెడుతున్నామనే తల్లులకు, పైన వేసిన అర మిల్లీగ్రాము లెక్క చాలు.

కాబట్టి ఈ దీపావళికి ఆరెంజ్ బ్రౌనీల ఆర్డర్లు పట్టేవారికి ఒక మనవి. డబ్బా మీది నారింజ బొమ్మ అలాగే ఉండనివ్వండి, ధర పైసా తగ్గించక్కర్లేదు. విటమిన్ సి అని రాసిన చోట ‘ఒక్కో ముక్కలో పంచదార 15 గ్రాములు’ అని అదే సైజు అక్షరాల్లో రాయండి. కొనేవాళ్లూ ఆ అంకె అడగండి.