అప్‌డేట్ బాబాయ్

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ పేపరు చదివేవాళ్ళు నలుగురుంటారు. చదవకుండా మాట్లాడేవాళ్ళు నలభైమంది ఉంటారు. రేపటి పేపర్లో రాబోయేది ఈరోజే చెప్పేసి, ఎల్లుండికి కూడా అది రాకపోయినా చలించని మహానుభావులు మాత్రం ఒక్కరే ఉంటారు. కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్‌కి ఆ ఒక్కరూ అప్‌డేట్ బాబాయ్. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది.

"బావున్నారా బాబాయ్?" అని ఆయన్ని అడగడం కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు చేసే పని. ఆయన తన బాగోగులు చెప్పరు, తైవాన్ బాగోగులు చెబుతారు. ఐదో అంతస్తులో లిఫ్టెక్కి కిందికి దిగేలోపు, మేలురకం చిప్‌లు చాలావరకు ఆ ఒక్క దీవిలోనే ఎందుకు తయారవుతున్నాయో, దానిమీద చైనా కన్నెర్ర చేస్తే మన చేతిలో ఫోను గతేమిటో తేలిపోతుంది. లిఫ్టు మధ్యలో ఆగిందా, అమెరికా ఆంక్షలు కూడా వస్తాయి. "ఇంతకీ ఇది ఎందుకాగింది బాబాయ్?" అంటే, "అది సర్వీసింగ్ వాడి గొడవరా అబ్బాయ్, మనం పెద్ద విషయం మాట్లాడుకుంటున్నాం" అంటారు.

ఈ జబ్బు ఆయనకి ఎక్కడ అంటుకుందో చెప్పాలి. బాబాయ్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకులకు కంప్యూటర్లు కావాలని చెప్పిన రోజుల్లో, కంప్యూటరొస్తే ఉద్యోగాలు పోతాయని సంఘాలన్నీ జెండాలు పట్టుకున్నాయి. తెనాలి బ్రాంచిలో అప్పుడే చేరిన బాబాయ్ ఒక్కరే, లెడ్జర్ల కాలం చెల్లిందనీ, జనం బ్యాంకు గుమ్మం ఎక్కకుండానే డబ్బు తీసుకునే రోజొస్తుందనీ అన్నారట. బ్రాంచంతా నవ్వింది. "అయితే డబ్బు గోడలోంచి వస్తుందా నాయనా?" అని హెడ్ క్యాషియర్ అడిగాడట. కొన్నేళ్ళకు ఏటీఎం వచ్చింది. డబ్బు అచ్చంగా గోడలోంచే వచ్చింది.

ఆ గోడే బాబాయ్ కొంప ముంచింది. ఆనాడు అందరూ నవ్వారు, ఆయన మాట నిజమైంది. కాబట్టి ఏ మాటకు అందరూ నవ్వుతారో ఆ మాట నిజమై తీరుతుందని ఆయనకి స్థిరపడిపోయింది. మనం నవ్వినకొద్దీ ఆయన నమ్మకం బలపడుతుంది. నవ్వకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టు లెక్క. ఇలాంటి మనిషితో వాదించి గెలిచే దారి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

2023 జులైలో కొరియా శాస్త్రజ్ఞులు కొందరు ఎల్‌కే-99 అనే పదార్థాన్ని తయారుచేశామన్నారు. సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన నల్లటి ముక్క. మామూలు గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్‌లా పనిచేస్తుందట, అంటే అందులో కరెంటు పిసరంత కూడా నష్టం లేకుండా పారుతుందన్నమాట. అయస్కాంతం మీద ఆ ముక్క ఒక కొస పైకి లేచి నిలబడ్డ వీడియో లోకమంతా తిరిగింది. ఆ ముక్కకి రెండో కొసైనా కింద ఆనింది, ఆ వారం బాబాయ్‌కి అదీ లేదు. కరెంటు బిల్లులకిక కాలం చెల్లిందని వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పారు. మూడో అంతస్తు ఫిజిక్స్ మాస్టారు ఒక్కరే, "ఏమయ్యా, ఇంకో ల్యాబులో కూడా రానీ ముందు" అన్నారు. "మీలాంటివాళ్ళ వల్లే మాస్టారూ మనకి నోబెల్ రానిది!" అని బాబాయ్ గయ్యిమన్నారు.

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా ఎన్నో ల్యాబులు దాన్ని తయారుచేసి చూశాయి. సూపర్‌కండక్టర్ కాదు. నిరోధం ఉన్నట్టుండి పడిపోయినట్టు కనిపించింది మలినంగా కలిసిన రాగి సల్ఫైడ్ చలవ. ముక్క పైకి లేచింది మామూలు అయస్కాంత గుణం వల్ల. మాస్టారు ఈ కబురు చెప్పాలని చేతిలో పేపరు పట్టుకుని గేటు దగ్గరే కాపు కాశారు. కానీ బాబాయ్ అప్పటికే చంద్రుడి మీదున్నారు. ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దిగబోతోంది. పాత వార్త వెంట తిరిగే తీరిక ఆయనకెక్కడిది? మాస్టారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ల్యాండర్ దిగిన సాయంత్రం మాతోపాటు చప్పట్లు కొట్టారు.

హైపర్‌లూప్ సంగతి ఇంతకంటే ఇంటి వ్యవహారం. పిన్ని పుట్టిల్లు తుళ్ళూరు. 2017 సెప్టెంబరులో విజయవాడ–అమరావతి మధ్య హైపర్‌లూప్ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక అమెరికా కంపెనీతో అవగాహన ఒప్పందం చేసుకుంది. గంట పైన పట్టే ప్రయాణం ఆరు నిమిషాలవుతుందన్నారు. "బెజవాడలో రైలు దిగి, మీ అమ్మకి ఫోను చేసి పాలు పొయ్యిమీద పెట్టమను. అవి పొంగేలోపు గుమ్మంలో ఉంటాం" అని బాబాయ్ మాటిచ్చారు. పిన్ని ఇప్పటికీ బస్సులోనే వెళుతోంది. ఆ రంగంలో పేరుమోసిన హైపర్‌లూప్ వన్ కంపెనీ 2023 ఆఖరుకి దుకాణం కట్టేసింది. "పోయినట్టేగా బాబాయ్?" అంటే, ఐఐటీ మద్రాసువాళ్ళు 422 మీటర్ల పరీక్షా మార్గం వేశారని అందుకున్నారు. "మొదలంటూ పడిందిగా, మిగతాది వేస్తే అయిపోయె."

ఇక వ్యాపార వార్తలు. 2025 జనవరి 27న చైనా ఏఐ డీప్‌సీక్ దెబ్బకు చిప్‌ల కంపెనీ ఎన్విడియా విలువ ఒక్కరోజులో దాదాపు 60 వేల కోట్ల డాలర్లు పడిపోయింది. ఎన్విడియా పని అయిపోయిందని బాబాయ్ పార్కింగులో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో ఆ కంపెనీ విలువ 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. "నేను ముందే చెప్పానుగా" అన్నారు. నిజమే, అదీ చెప్పారు. అన్నీ చెప్పే మనిషికి ఆ సౌకర్యం ఉంది.

బిట్‌కాయిన్ ఊసు మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి. 2021 నవంబరులో అది 69 వేల డాలర్ల దాకా ఎగబాకినప్పుడు, ఇంకా పెరుగుతుందని రిటైర్మెంటు డబ్బులో కొంత అందులో పోశారు. మరుసటి ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వేసింది, ఆపైన ఒక శాతం టీడీఎస్. కొన్నవాళ్ళంతా తల పట్టుకుంటే బాబాయ్ మైసూర్‌పాక్ పంచారు. "పన్ను వేశారంటే ప్రభుత్వం గుర్తించినట్టేగా!" పన్ను పడినందుకు మిఠాయి పంచినవాణ్ణి ఆదాయపు పన్ను శాఖ కూడా చూసి ఉండదు. ఏడాది తిరిగేసరికి బిట్‌కాయిన్ 16 వేలకి జారింది. పిన్ని రెండు రోజులు వంటగదిలోంచి బయటికి రాకపోవడంతో అమ్మేశారు. 2024 డిసెంబరులో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. గోడ తర్వాత ఆయన జోస్యాల్లో అంత బాగా ఫలించింది అదొక్కటే. అప్పుడు చేతిలో కాయిన్ లేదు. పిన్ని అదే 2021లో కొన్న గాజులు మాత్రం చేతికే ఉన్నాయి. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటిన రోజున ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ ఇస్తూ చెయ్యి కాస్త ఎక్కువ ఊపింది, అంతే.

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు బాబాయ్ ఆయన పక్షమే. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్నారు, ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపని చూస్తారన్నారు. "ఆయనకేం తెలుసు పాపం, మా ఇంట్లో ఆ తొంభై గంటలూ ఫోనుకే సరిపోతున్నాయి" అంది పిన్ని.

రాజకీయాల్లో బాబాయ్‌కి పార్టీ లేదు, వెర్షన్ ఉంది. 2016లో రెండు వేల నోటు వచ్చిన కొత్తలో అందులో జీపీఎస్ చిప్ ఉందని, నేలలో పాతిపెట్టినా ఉపగ్రహానికి దొరికిపోతుందని పుకారు పుట్టింది. రిజర్వు బ్యాంకు చెప్పిన నోటు లక్షణాల్లో చిప్ ఊసే లేదు. అయినా బాబాయ్ నోటును ఎండకు పట్టి వాచ్‌మన్‌కి చిప్ చూపించారు. వాచ్‌మన్‌కి కనిపించింది కూడా. అసోసియేషన్ ట్రెజరర్ బాబాయే, జీతం ఇచ్చేది ఆయన చేతుల మీదుగానే. 2023 మేలో ఆ నోటును ఉపసంహరిస్తున్నామని ప్రకటన వస్తే, "పాత చిప్ కదా, సపోర్టు ఆపేశారు" అన్నారు.

ఎన్నికలొస్తే ఓటు బ్లాక్‌చెయిన్‌లో వేయించాలంటారు. ఓటింగ్ యంత్రం ఏ నెట్‌వర్కుకీ తగిలించని యంత్రమనీ, దాన్ని తయారుచేసేది బెంగళూరు బీఈఎల్, మన ఈసీఐఎల్ అనీ, దేనికీ తగిలించకపోవడమే దానికి రక్ష అనీ మాస్టారు విడమరిచి చెప్పారు. "అదే దాని లోపం!" అన్నారు బాబాయ్. పోలింగు రోజు క్యూ పొడుగ్గా ఉందని వెనక్కొచ్చేశారు. ఫోన్లో ఓటు వచ్చాక వేస్తారట.

ఆయన మనసు దోచిన ప్రభుత్వం అల్బేనియాలో ఉంది. 2025 సెప్టెంబరులో ఆ దేశ ప్రధాని ఎడి రామా ప్రభుత్వ టెండర్లు చూడడానికి డియెల్లా అనే ఏఐని మంత్రిగా ప్రకటించారు. లంచం తీసుకోదు, బావమరిదికి కాంట్రాక్టు ఇవ్వదు. బాబాయ్ ఆ రోజంతా పరవశంలో ఉన్నారు. నెల తిరగ్గానే అదే ప్రధాని, మంత్రిగారు గర్భవతి అనీ, 83 మంది పిల్లలు పుడతారనీ, తమ పార్టీ ఎంపీలకు తలా ఒక సహాయకుడిగా పనిచేస్తారనీ చమత్కరించారు. "ఏమండీ, లంచం తీసుకోదన్నారు సరే. పదవిలోకొచ్చిన నెలకే తన పిల్లలందరికీ సర్కారు ఉద్యోగాలు వేయించుకుందిగా!" అంది పిన్ని. బాబాయ్ ఆరోజు వాకింగుకి తొందరగా వెళ్ళిపోయారు.

సొంత గడ్డ మీద 2025 ఆయనకి పండగ సంవత్సరం. విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. అమరావతికి 156 క్యూబిట్ల ప్రాసెసరున్న ఐబీఎం క్వాంటం కంప్యూటర్ ఖాయమైంది. ఆ ప్రాసెసర్ని మైనస్ 273 డిగ్రీల అంచున ఉంచాలి, అంతరిక్షం కూడా అంత చల్లగా ఉండదు. మన రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయి. "ఇంతకీ అది మనకేం లెక్కలు చేస్తుందయ్యా?" అని మాస్టారు అడిగారు. "అన్నీ!" అన్నారు బాబాయ్. మాస్టారు వాదించలేదు. కుర్రాళ్ళు మళ్ళీ ఫిజిక్స్ చదువుతారేమోనని కాబోలు, కాస్త సంతోషించినట్టే కనిపించారు.

బాబాయ్ అభిప్రాయాలతో నాకు పెద్ద పేచీ లేదు. పేచీ ఆయన క్షమాగుణంతోనే. అసోసియేషన్ మీటింగు మినిట్స్ ఏఐ చేత రాయిస్తే, ఎవరూ అడగని ఈతకొలను తీర్మానంలోకి వచ్చి చేరింది. "దాన్ని హాలూసినేషన్ అంటారు, తర్వాతి వెర్షన్లో సర్దుకుంటుంది" అని ముద్దుగా నవ్వుకున్నారు. అదే పొద్దున పాలబ్బాయి ఒక ప్యాకెట్ తక్కువ వేసినందుకు వాణ్ణి గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. పాలబ్బాయికి తర్వాతి వెర్షన్ లేదు మరి.

2024 జులై 19న ఆయన ముఖం చూడాల్సింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో లోకంలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తన పేరే లోకాన్ని కూల్చినంత బాధ ఆయనకి. ఒకప్పటి లెడ్జర్ గుమాస్తాలెవరో బతికుంటే ఆ దస్తూరీ చూసి పొంగిపోయేవారు.

అన్నీ చెప్పి నవంబరు సంగతి చెప్పకపోతే అన్యాయం. పెన్షనుదారులు ఏటా బతికున్నట్టు రుజువు ఇవ్వాల్సిన నెల అది. 2014 నుంచి వేలిముద్రతో ఆ రుజువిచ్చే జీవన్ ప్రమాణ్ ఉంది గానీ, పెద్దవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. ఇప్పుడు ఫోను కెమెరాతో ముఖం చూపించినా చాలు. రెండో అంతస్తు మామ్మగారికి ఆ పని చేసిపెట్టేది బాబాయే. "మామ్మగారూ, ఒక్కసారి కళ్ళు మూసి తెరవండి." "ఎందుకు నాయనా?" "మీరున్నారని ప్రభుత్వానికి తెలియాలండీ." "నేను మూస్తే గదా నాయనా వాళ్ళకి పెన్షను మిగిలేది!" యాప్ ఆగిపోతుంది, మళ్ళీ తెరుస్తారు. వెలుతురు చాలదంటే కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుతారు. ఆవిడ మూయమన్నప్పుడు తెరిచి, తెరవమన్నప్పుడు మూస్తారు. బాబాయ్ విసుక్కోరు. తైవాన్ ఎత్తరు, క్వాంటం ఎత్తరు. ఆ నెలంతా మా బ్లాకులో ముసలివాళ్ళెవరూ బ్యాంకు మెట్లెక్కరు. ఆయన పుచ్చుకునేది కాఫీ ఒక్కటే.

మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాంటి బాబాయ్ ఒకరు ఉండే ఉంటారు. నవంబరులో మొహమాటపడకుండా ఆయన తలుపు కొట్టండి. ఆయన చెప్పిన షేరు మాత్రం కొనకండి.