టిప్పర్ సంజీవని
(సెక్షన్ 122కు టీకా తాత్పర్యము)

అవతారిక: బైలడిల్లా ఇనుపరాతి కొండలకూ నగర్నార్ ఉక్కు కర్మాగారానికీ నడుమనున్న జగదల్‌పూర్‌లో ఇల్లు కట్టుకొన్న గృహస్థుని సందులోకి ప్రతి రాత్రీ ఒక టిప్పర్ విశ్రాంతికై విచ్చేయును. దాని మాటెత్తిన గృహస్థునికి అధికారులు గంభీరముగా సెక్షన్ చదివి వినిపింతురు. చదువు పూర్తియగును, టిప్పర్ కదలదు. కావున ఈ టీక.

మూలము: మోటారు వాహనాల చట్టం, 1988. బహిరంగ స్థలమందు ఇతరులకు ప్రమాదము, అడ్డంకి, తగని అసౌకర్యము కలుగునట్లు ఎవ్వరును వాహనమును నిలిపి ఉంచరాదు.

ప్రతిపదార్థము: సుగమము. విడిచితిమి.

విశేషము: మన మెదక్ సీమ కొల్చారానికి చెందిన, "సంజీవని" టీక రాసిన మల్లినాథసూరి ఆధారము లేనిదీ, అక్కరలేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. మొదటి సగానికి మేమూ బద్ధులమే. రెండవ సగము మా వల్ల కాదు.

ఇచట పూర్వపక్షము. చక్రములున్నదెల్ల ఈ చట్టమునకు లోబడునా? మా ఊరి బస్తర్ దసరాలో ఎనిమిది చక్రాల కొయ్య రథమున్నది. వీధి నిండా అదే; పక్కనుంచి సైకిలు పోవడమూ కష్టమే. విజయదశమి రాత్రి, భీతర్ రైనీ నాడు, మాడియా ఆదివాసులు దానిని కుమ్డాకోట్‌కు ఎత్తుకుపోతారు. మరునాడు బాహర్ రైనీ. రాజవంశీకుడు స్వయముగా వెళ్లి, వారితో కూర్చుని కొత్తబియ్యపు అన్నము తిన్న తరువాతే రథము తిరిగి వచ్చును. 1323లో ఓరుగల్లు పడ్డాక ఇటు వచ్చిన కాకతీయ అన్నమదేవుని వంశమే ఇది, అందుచేత ఈ ముచ్చట మనకు మరికొంత ప్రీతి. సెక్షన్ 2(28) ప్రకారము మోటారు వాహనము యంత్రశక్తితో నడవవలెను. రథమును లాగునది మనుషులు, కనుక మినహాయింపు. అయినా గమనించండి: అది ఎప్పుడొచ్చునో, ఎక్కడ ఆగునో, ఎవరు లాగుదురో, ఎప్పుడు పోవునో బస్తర్‌లో పసిపిల్లలకూ తెలుసు.

ఏం చెబుతున్నాము? ఆఁ, టిప్పర్.

సెక్షన్ 127: పది గంటలు దిక్కులేక పడివున్న బండిని పోలీసులు లాక్కుపోవచ్చును. మాది రాత్రి తొమ్మిదికి వచ్చి, తెల్లవారి అయిదుకు పోవును. పది ఎన్నడూ నిండదు. పైగా డ్రైవరు క్యాబిన్‌లోనే పడుకొనును గనుక దిక్కులేనిదీ కాదు. పార్కింగు నిషేధించిన చోటైతే పది గంటలతో పనిలేదు. ఆ నిషేధపు బోర్డు మా సందులో పెట్టినదెవరు?

"తగని అసౌకర్యము" అన్నారు గదా, తగిన అసౌకర్యము ఏదో మేము విచారించితిమి. బ్రేకులకు గాలి పట్టేదాకా ఇంజను రొద కాబోలు. వెనుక చక్రాల కింద కాలువ మీది బండ రెండు ముక్కలైంది. గ్యాసు కుర్రాడు సిలిండరు సందు మొదట్లోనే దించి పోతున్నాడు. ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము. గుండె నొప్పి వస్తే అంబులెన్సు ఎటు నుంచి రావాలి? ఇది శాస్త్రచర్చ కాదు, మా ప్రాణాల సంగతి.

సిద్ధాంతము: సెక్షన్ 117 ప్రకారము స్థానిక సంస్థతో సంప్రదించి ప్రభుత్వము వాహనాలు నిలిపే చోట్లు నిర్ణయింపవచ్చును. "వచ్చును" అనగా నిర్ణయించకపోవచ్చును కూడా. ఇక సెక్షన్ 122 మీరినవారికి జరిమానా మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా. అది కట్టిన డ్రైవరు పక్క సందులో పెట్టును. వాడు మాత్రం ఎక్కడ పడుకోవాలి?

తాత్పర్యము: అంకెల్లో ఉన్నట్టే ముందు 117, తరువాత 122. ఊరి వెలుపల దీపమూ నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న లారీ అడ్డా చూపించి, ఆపైన మా సందుకు వచ్చి చలానా రాయండి.