శ్రీ నాట్ అవైలబుల్ గారి సమగ్ర సాహిత్యం

కోటికి పైగానట! 2025 కేంద్ర బడ్జెట్‌లో రాతప్రతుల కోసమంటూ జ్ఞాన భారతం మిషన్ పేరు వినిపించినప్పటి నుంచి మా పరిశోధక మిత్రుల కాళ్లు నేల మీద నిలవడం లేదు. కోటి రాతప్రతులు ఒడ్డున పడబోతున్నాయని సంబరం. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలైనప్పుడూ ఇలాగే సంబరపడ్డారు. అప్పటికి వాళ్ల జుట్టు నల్లగానే ఉండేది.

లెక్కలు చెప్పడంలో మనవాళ్లని కొట్టేవాళ్లు లేరు. ఇన్ని లక్షల పేజీలు స్కాన్ చేశామంటారు. వాటిలో జనం చదవగలిగినవి ఎన్నని అడిగారా, మంత్రిగారు మీట నొక్కుతున్న ఫొటో చూపిస్తారు.

సరే, తెలుగులో అందరికంటే ఎక్కువ పుస్తకాలు రాసిందెవరో చెప్పండి చూద్దాం. వీరేశలింగమా? విశ్వనాథా? ఎవరూ కాదు, శ్రీ నాట్ అవైలబుల్ గారు. అనుమానముంటే మన డిజిటల్ గ్రంథాలయాల జాబితాలు తిరగెయ్యండి. రచయిత అన్న గడిలో ఎక్కడ చూసినా ఆయనే. శతకాలు ఆయనవే, యక్షగానాలు ఆయనవే, స్థలపురాణాలూ వైద్య గ్రంథాలూ ఆయనవే. కొన్నిచోట్ల సంపాదకుడూ ప్రకాశకుడూ కూడా తానే అయ్యారు. ఇంతటి మహానుభావుడికి ఒక్క విగ్రహమైనా లేకపోవడం మన దౌర్భాగ్యం. పుట్టిన ఊరు కూడా నాట్ అవైలబులే కాబట్టి మావాడంటే మావాడని జిల్లాలు తగువు పడే ప్రమాదం మాత్రం లేదు.

తీరా ఆ పుస్తకం తెరిచి అట్ట తిప్పితే కవి పేరు, ఊరు, అచ్చువేసిన ముద్రాక్షరశాల, సంవత్సరం, వెల ఎనిమిదణాలు, అన్నీ పెద్దపెద్ద అక్షరాల్లో కళ్లెదుటే ఉంటాయి. కానీ పని ఒప్పజెప్పింది పేజీకి ఇంతని. పేజీ తిప్పినందుకు డబ్బు వస్తుంది, పేరు చదివినందుకు రాదు. ఏ బుద్ధిమంతుడైనా పేజీయే తిప్పుతాడు.

ఇక పుస్తకం పేరు సంగతి. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ‘ళ’కీ ‘ల’కీ తేడా లేదు, దీర్ఘాలు ఎక్కించినాయన దయ. కాబట్టి వెతికేవాడికి పుస్తకం పేరు తెలిస్తే చాలదు, ఆ పూట ఆయన దాన్ని ఎలా తప్పు కొట్టాడో కూడా తెలియాలి. అన్నట్టు, నాట్ అవైలబుల్ గారికి ఒక సహరచయిత ఉన్నారు. బొటనవేలు. కంద పద్యం మూడో పాదం ఉండాల్సిన చోట, రబ్బరు తొడుగుతో సహా, తాపీగా కూర్చుని ఉంటుంది. మిగిలిన జాగాలో సంస్థ ముద్ర, అడ్డంగా, ఐమూలగా.

పోనీ, తప్పులు దిద్దుకోవచ్చు. దాచిపెట్టినదాన్ని ఏం చేస్తాం? నాకు తెలిసిన పరిశోధక విద్యార్థిని ఒక తాళపత్రం స్కాన్ కోసం ఒక సంస్థకి అర్జీ పెట్టుకుంది. గైడు ఉత్తరం అడిగారు, శాఖాధ్యక్షుల సంతకం అడిగారు, డీడీ అడిగారు. చివరికి ఇచ్చింది ఒక సీడీ. దాన్ని పెట్టడానికి ఆ పిల్ల కంప్యూటర్లో చోటే లేదు.

ఎవడబ్బ సొమ్మని ఈ బిగింపు? తాటాకు మీద గంటంతో చెక్కినవాడు పోయి వందల ఏళ్లయింది. అటక మీద నుంచి దించి మీ చేతిలో పెట్టిన కుటుంబం పైసా అడగలేదు. స్కానింగ్ ఖర్చు మా పన్నులది. రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీహక్కు తీరిపోతుందని మన చట్టమే చెబుతోంది. గురజాడ పోయింది 1915లో. ఆయన పేజీ మీద సర్వహక్కులూ మావేనని గుద్దడానికి మీరెవరు? బయట పెడితే దుర్వినియోగం అవుతుందట! తెలుగు సాహిత్యాన్ని ఎవడో చదివేస్తాడనా భయం?

బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, ఊరూరి నుంచీ ప్రతులు తెప్పించి, సరిచూయించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. నిరభ్యంతర పత్రం పుచ్చుకోవాలని ఆయనకి తట్టలేదు పాపం.

భద్రత అంటున్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక కూడా అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ మనకి దొరుకుతున్నాయంటే, ఔత్సాహికులు వాటిని దించుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టే. పోతన భాగవతంలో శిథిలమైన భాగాల్ని గంగన, సింగన, నారయ పూరించారంటారు. బీరువాలో పెట్టి తాళం వేసిన మీ హార్డ్‌డిస్కు చచ్చిపోతే పూరించడానికి ఏ సింగన వస్తాడు?

కాబట్టి అయ్యా, ఈసారి టెండరులో పేజీకి ఎంతని రాయకండి. ఐదేళ్ల తర్వాత లింకు నొక్కితే తెరుచుకుంటేనే బిల్లు అని రాయండి. గుత్తేదారు ఒక్కడూ రాడంటారా? రాకపోతే మానె. తెలుగు వికీసోర్సులో కూలీ నాలీ లేకుండా పాత పుస్తకాల్ని అక్షరం అక్షరం దిద్దుతున్న మనుషులున్నారు. ఆ ఫైళ్లు వాళ్లకివ్వండి. అర్జీ కావాలంటే నేను రాసిపెడతాను.