పర్కొలేటరు పద్యానికి అంకాపూర్ టీక

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరిది మన పక్క మెదక్ జిల్లా కొల్చారమని పెద్దలు చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. ఆర్మూరు దగ్గర అంకాపూర్‌లో కూర్చుని రాస్తున్న ఈ వ్యాఖ్యాత మొదటి నియమాన్ని ఎలాగో పాటించగలడు. రెండోది పాటిస్తే ఈ టీకే పుట్టదు.

అంకాపూర్ అంటే పసుపు, మక్కలు, ఎర్రజొన్న విత్తనం, దేశీ కోడికూర. ఈ వరసలో కాఫీకి చోటు లేదు. ఇక్కడ తెల్లారితే చాయ్, చుట్టం వస్తే చాయ్, బేరం కుదిరితే చాయ్, కుదరకపోయినా చాయ్. అలాంటి ఊళ్లోకి అమెరికాలో ఉన్న పిల్లలు పెట్టెలో సర్ది తెచ్చిన పర్కొలేటరు అనే కాఫీ కాచే పాత్ర దిగితే, దాన్ని షోకేసులో పెట్టాలా పొయ్యి మీద పెట్టాలా అన్న ధర్మసందేహం పుడుతుంది. ఆ సందేహ నివృత్తికే ఈ ఆటవెలది. పద్యం కట్టినవాడూ టీక రాసినవాడూ ఒక్కడే కనుక కవిహృదయం గురించి వివాదం లేదు.

మూలం

నీరు పొంగి యెగసి నిలువు గొట్టము దాటి
పొడిని తడిపి జారి పొగరు దీసి
మరల మరల నెక్కు మంట తగ్గకయున్న
చేదు పుట్టు కాఫి చేతులార

ప్రతిపదార్థం

నీరు = అడుగు గిన్నెలో, పొడి బుట్టకు తగలనంత ఎత్తులో పోసిన చల్లటి నీళ్లు. పాలు అని అర్థం చెప్పరాదు. పాలు పోస్తే అడుగంటుతాయి, పొంగుతాయి, గొట్టం మూసుకుపోతుంది, ఆ తర్వాత ఇంట్లో వినబడే మాటలకు టీక రాయడం మర్యాద కాదు.

పొంగి యెగసి = గొట్టం అడుగున ఉన్న వెడల్పు పీట కింద నీరు ముందుగా మరిగి, ఆవిరి బుడగలు పైనున్న నీటిని నెట్టగా లేచి.

నిలువు గొట్టము దాటి = పాత్ర నడుమ నిలబడిన బోలు గొట్టంలోంచి పైకి చిమ్మి, గాజు బుడిపెకు కొట్టుకుని.

పొడిని తడిపి జారి = చిల్లుల పళ్లెం మీదుగా పొడి మీద చినుకుల్లా పడి, బుట్ట చిల్లుల్లోంచి కిందికి దిగి.

పొగరు దీసి = పొడిలో ఉన్న రంగు, రుచి, వాసన అనే గర్వాన్ని లాగి.

మరల మరల నెక్కు = దిగిన డికాక్షనే మళ్లీ వేడెక్కి, మళ్లీ గొట్టమెక్కే.

మంట తగ్గకయున్న = పొయ్యి మంట తగ్గించకుండా వదిలేస్తే.

చేతులార = ఇతరులను నిందించే వీలు లేకుండా.

చేదు పుట్టు = చేదు పుట్టును.

కాఫి = కాఫీ. ఛందస్సు కోసం దీర్ఘం పోయింది.

తాత్పర్యం

నీళ్లు పోసి, కప్పుకొక చెంచా లెక్కన బరక పొడి బుట్టలో వేసి, మూత పెట్టి, మధ్యస్తంగా మంట వెలిగించాలి. మూత మీది గాజు బుడిపెలో మొదటి చిమ్ము కనబడగానే మంట సన్నగా చేయాలి. రెండు మూడు సెకన్లకొక చిమ్ము చాలు. అలా ఆరేడు నిమిషాలు. బుడిపెలో రంగు ముదరగానే దించి, బుట్ట తీసేసి, ఒక్క నిమిషం తేరనిచ్చి వంచుకోవాలి. బుట్ట తీయకపోతే మిగిలిన చేదు కూడా మెల్లగా కారుతుంది.

విశేషాలు

ఆటవెలది లక్షణం సరిపోయింది. నీ-ని, పొ-పొ, మ-మ, చే-చే యతులు. ఉన్నదున్నట్టు చెప్పడం చేత స్వభావోక్తి అలంకారం. రసం విషయంలో మంట తగ్గించినవారికి శాంతం, తగ్గించనివారికి బీభత్సం.

పద్యానికి ప్రాణం మూడో పాదం. ఫిల్టరులో నీళ్లు అయిపోగానే పని అయిపోతుంది. మోకా అనే ఇటలీ పాత్రలో అడుగు గిన్నె ఖాళీ కాగానే బుసబుసమని అదే చెబుతుంది. ఇన్‌స్టంటులో ఆపవలసినదే లేదు. మనిషి వచ్చి ఆపేదాకా ఆగనిది పర్కొలేటరు ఒక్కటే. దానికి తృప్తి లేదు. తీసిన సారాన్నే మరిగించి, ఆ పొడినే మళ్లీ కడిగి, తీయకూడనిది కూడా తీస్తుంది. ఇల్లంతా గుమగుమలాడుతోందని మురిసిపోతాం కానీ, గాలిలోకి పోయిన వాసన కప్పులోంచి పోయినదే.

ఈ పాదాన్ని బెంగళూరువారికి చెప్పాలంటే పేజీలు పడతాయి. అంకాపూర్‌కు ఒక్క మాట చాలు: పసుపు ఉడకబెట్టినట్టే. కొమ్ములు కడాయిలో వేశాక నురుగు రావాలి, వాసన తేలాలి, పుల్ల గుచ్చితే దిగాలి. అక్కడ ఆపాలి. ముందు ఆపితే కొమ్ము పెళుసవుతుంది, దాటితే రంగు చెడి బేరంలో ధర పోతుంది. కడాయిలు పోయి ఆవిరి బాయిలర్లు వచ్చినా ఎప్పుడు ఆపాలో చెప్పేది మనిషే. ఆ ఒడుపు తెలిసిన చేతికి పర్కొలేటరు కొత్త విద్య కాదు.

ఇక చరిత్ర. గొట్టంలోంచి నీరెక్కే పాత్రను 1819లో పారిస్‌లో లారెన్స్ అనే రేకుపనివాడు చేశాడు. నేటి పొయ్యి మీది పర్కొలేటరుకు 1889లో అమెరికాలో పేటెంటు పొందిన హాన్సన్ గుడ్రిచ్ ఇల్లినాయ్ రైతు. అక్కడా మక్కలే పంట. మక్క చేనుకూ ఈ గొట్టానికీ సంబంధమేమిటో పరిశోధకులు తేల్చాలి. 1970ల్లో కరెంటు డ్రిప్ యంత్రాలు వచ్చాక అమెరికా ఇళ్లలో పర్కొలేటరు అటకెక్కింది. అటకెక్కినవి మన పెట్టెల్లోకి దిగడం లోకసహజం.

మతభేదాలు

ఫిల్టరు మతం: రెండంతస్తుల పాత్రలో మెత్తటి పొడి, మరిగిన నీళ్లు, ఓపిక. నీరు మెల్లగా దిగుతుంది కనుక డికాక్షన్ చిక్కగా ఉండి సగం గ్లాసు పాలకు నిలబడుతుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశ నిబంధన. మిగతాదంతా చికోరీ కావచ్చు. ఆ మెత్తటి పొడిని పర్కొలేటరులో వేస్తే చిల్లుల్లో అడ్డుపడుతుంది, లేదా కప్పులో బురదై తేలుతుంది. ఒక మతం వేదాన్ని ఇంకో మతం గుడిలో చదవరాదు.

కాగితం మతం: 1908లో డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితంతో కాఫీ వడగట్టి పేటెంటు పొందింది. తేటగా ఉంటుంది. పాలు పోస్తే కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలి.

మోకా మతం: 1933లో ఇటలీలో బియలెట్టి తెచ్చినది. చూపుకు పర్కొలేటరు తమ్ముడే. కానీ నీరు ఒక్కసారి ఎక్కి పైనే ఉండిపోతుంది. మోక్షం పొందిన నీరు. పర్కొలేటరు నీటికి మాత్రం పునర్జన్మలు తప్పవు, జన్మజన్మకూ కర్మ పేరుకుని చేదవుతుంది.

ఇన్‌స్టంటు మతం: పొడీ నీరూ ఒకటే అన్న అద్వైతం. నెస్‌కెఫే 1938లో స్విట్జర్లాండులో పుట్టింది. త్వరగా సిద్ధి, స్వల్ప ఫలం.

పూర్వపక్షం, సమాధానం

“ఏంది కాకా, గింత లొల్లి దేనికి? గిన్నెల నీళ్లు మసలవెట్టి పొడేసి వడగడితే కాఫీ గాదా?”

అవుతుంది నాయనా. పర్కొలేటరు కంటే పాత పద్ధతి, కొన్నిసార్లు మేలైనది కూడా. పొడి వేశాక మంట ఆపి మూతపెట్టడం మాత్రం మరవకు.

“మరి పసుపు ముచ్చటైతే నిజామాబాద్‌ల 2025 జనవరిల పసుపు బోర్డు పెట్టిన్రు. కాఫీ బోర్డేమో 1942 నుంచి ఉన్నది, గదేమో బెంగళూరుల. కాఫీ మీద తీర్పు చెప్పెటందుకు మనమెవ్వరం?”

దుగ్గిరాలను చూడు. గుంటూరు వైపు పేరున్న పసుపు మార్కెట్టు అది. ఆ దుగ్గిరాలలోనే ఇన్‌స్టంటు కాఫీ తయారై దేశదేశాలకు పోతోంది. పసుపు ఊరికి కాఫీ ఏం తెలుసన్న వాదం అక్కడే వీగిపోయింది. పొడి కూడా మరీ పరాయిది కాదు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని బరకగా పట్టించి తెచ్చుకో.

“అయితే చాయ్ బంద్ వెట్టాల్నా?”

ఈ టీకలో అంత సాహసం ఎక్కడా లేదు.

సిద్ధాంతం

ఇంట్లో ఇద్దరే ఉండి, పాలు ఎక్కువ పోసుకునే అలవాటుంటే ఫిల్టరే శ్రేష్ఠం. పాలు లేకుండానో చుక్క పాలతోనో తాగేవారికి, ఆదివారం దేశీ కోడికి పది మంది దిగినప్పుడు ఒకేసారి అందరికీ పోయాలన్నవారికి పర్కొలేటరు తగును. పొయ్యి మీద పెట్టి ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయేవారికి ఇన్‌స్టంటే గతి.

ఫలశ్రుతి

ఈ టీకను పొయ్యి దగ్గర చదివినవారికి చిక్కని కాఫీ, మంచం మీద చదివినవారికి మంచి నిద్ర కలుగుతాయి. మొత్తం చదివే తీరిక లేనివారు మూడో పాదం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. చదువుతున్న మీ పొయ్యి మీద ఇప్పుడు పర్కొలేటరు గనక ఉంటే, ముందు లేచి మంట తగ్గించండి.