మొదటి వైపు

మా బావ ఇంట్లో రికార్డు వినాలంటే ముందు కాఫీ తాగాలి. కాఫీ అయ్యేసరికి వాల్వులు వేడెక్కుతాయి. చల్లటి వాల్వు మీద పాట పెట్టడం ఆయనకి గిట్టదు. ఆంప్లిఫయరు స్విచ్చి వేసి, గాజు బుడ్డి లోపల ఫిలమెంటు నారింజరంగు తిరిగేదాకా చూసి, ఇంకాసేపు ఆగి, అప్పుడు రికార్డు కవరు మీద చెయ్యి వేసేవాడు.

బావ మత్తు డాక్టరు. న్యూజెర్సీలో ఉద్యోగం. నేను పై చదువుకని వెళ్ళి వాళ్ళింట్లో ఉన్న రోజుల్లో, శనివారం సాయంత్రం అయిందంటే హాలంతా జాజ్‌దే. తోటి డాక్టర్లు ఇద్దరు ముగ్గురు, ఇంజనీర్లు ఒకరిద్దరు వచ్చేవారు. మాటలన్నీ కాఫీతోనే అయిపోవాలి. ముల్లు దిగాక ఎవరూ నోరు విప్పకూడదు.

వాళ్ళింటి నుంచి ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ కారులో కాస్త దూరమే. రూడీ వాన్ గెల్డర్ స్టూడియో అక్కడుంది. అది కట్టుకోకముందు ఆయన హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే జాజ్ దిగ్గజాలను రికార్డు చేశాడు. పగలు కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవాడు, తక్కిన వేళల్లో మైకులు సర్దేవాడు. 1964 డిసెంబరులో జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ వాయించింది ఆయన స్టూడియోలోనే. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే బావ కారు నెమ్మది చేసేవాడు. పగలంతా ఆస్పత్రి, సాయంత్రం సంగీతం అనే తన జీవితానికి ఆయనలో ఒక తోడు కనిపించిందని నాకనిపించేది.

బావ ఆంప్లిఫయరులో ముఖ్యమైనది 300బి అనే వాల్వు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1930లలో సినిమా హాళ్ళ ఆంప్లిఫయర్ల కోసం చేసిన రకం. ఒక్కో చానెల్‌కి ఒక్కటే వాల్వు పెట్టి కడితే బయటికొచ్చేది సుమారు 8 వాట్లు. ఆ కాలంలో ఆంప్లిఫయర్ల బలం అంతే, హాళ్ళేమో వందల మంది పట్టేవి. అందుకని స్పీకరుకి హారన్ తగిలించారు. సన్నటి గొంతు దగ్గర మొదలై వెడల్పుగా విచ్చుకునే ఆ బూరా, లోపలి పలుచటి పొర కదలికను పెద్దగా వృథా కానివ్వకుండా గదిలోని గాలికి అందిస్తుంది. పొర కొంచెం కదిలితే చాలు కనక శబ్దం చెదరదు. ట్రంపెట్ ఒక్క ఉదుటున లేస్తే స్పీకరూ అదే ఉదుటున లేస్తుంది. బావ వాళ్ళ హాల్లో మైల్స్ డేవిస్ ట్రంపెట్ విన్న మొదటిసారి, ఎదురుగా మనిషి నిలబడి ఊదుతున్నట్టు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ స్పీకర్లు క్లిప్ష్‌హార్న్‌లు. ఆర్కన్సా రాష్ట్రంలో హోప్ అనే ఊళ్ళో పాల్ క్లిప్ష్ 1946లో కంపెనీ పెట్టి అమ్మకానికి తెచ్చిన నమూనా. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో నూరు డెసిబెల్స్ దాటి పలుకుతాయి. 8 వాట్ల వాల్వుకి అంతకంటే మంచి జోడీ దొరకదు. అయితే మంద్రస్వరాలు పలకాలంటే చాలా పెద్ద హారన్ కావాలి, అంతది ఇంట్లో పట్టదు. క్లిప్ష్ దాన్ని పెట్టె లోపల మడతలుగా అమర్చి, మిగిలిన పనిని గది గోడలకి అప్పజెప్పాడు. స్పీకర్ని మూలకి ఆనించి పెడితే అటూ ఇటూ ఉన్న గోడలు కూడా హారన్‌లో భాగమైపోతాయి. కాబట్టి వాటిని ఎక్కడ పడితే అక్కడ పెట్టడానికి లేదు. రెండు స్పీకర్లకి రెండు మూలలు కావలసిందే.

హాల్లో కిటికీ వైపు మూల ఖాళీగానే ఉండేది. రెండో మూలలో అక్క వీణ ఉండేది. ఒకే పనస దుంగని తొలిచి చేసిన బొబ్బిలి వీణ. పెళ్ళికి ముందు అక్క విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకుంది. స్పీకర్లు దిగిన రోజు వీణ మేడమీది గదిలోకి వెళ్ళింది. “ఇద్దరు పిల్లలతో నాకు మాత్రం తీరికెక్కడిది” అని అక్కే అంది.

శనివారాలు అందరూ ఆఖరికి అడిగే రికార్డు ఒకటుంది, మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పటి చర్చిని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. ఎత్తయిన కప్పు, అందులో తిరుగాడే శబ్దం. 1959 మార్చి 2న ఆ చర్చిలో మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, పియానో మీద బిల్ ఇవాన్స్, డబుల్ బేస్ మీద పాల్ చాంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్ కూడారు. ఒక్క పాటకి మాత్రం పియానో దగ్గర వింటన్ కెల్లీ కూర్చున్నాడు. మొదటి వైపు మూడు పాటలూ ఆ రోజువే. రెండో వైపు రెండు పాటలూ ఏప్రిల్ 22న వాయించారు.

మొదటి పాట ‘సో వాట్’. పాల్ చాంబర్స్ బేస్ తీగల మీద ప్రశ్న వేస్తాడు, తక్కినవాళ్ళు రెండే రెండు దెబ్బల్లో జవాబు చెబుతారు. డోరియన్ అనే స్వరాల వరసలో పదహారు బార్లు, అదే వరస ఒక స్వరస్థానం పైకి జరిగి ఎనిమిది, మళ్ళీ కిందికి దిగి ఎనిమిది. పాటంతా ఇంతే. ఆ కాస్త చోటులో కోల్ట్రేన్ ఎంత దూరం నడిచొస్తాడో వింటేగాని నమ్మలేం. డోరియన్ అంటే మన ఖరహరప్రియ స్వరాలే. ఈ సంగతి నాకు చెప్పింది అక్క, వంటింట్లో పెసరట్టు తిరగేస్తూ.

బావ రికార్డు ప్లేయరు థోరెన్స్ టీడీ 124, స్విట్జర్లాండ్‌లో తయారైనది. తిరిగే పళ్ళెం అడుగున గుర్తుల వరస ఉంటుంది. చిన్న నియాన్ దీపం వాటిని వెలిగిస్తుంది, చూసుకోడానికి పైన బుల్లి కిటికీ. స్పీడు నిమిషానికి 33⅓ చుట్లు కచ్చితంగా ఉంటే, తిరుగుతున్న గుర్తులు ఉన్నచోటే నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. స్పీడు పెరిగితే ముందుకి జారతాయి, తగ్గితే వెనక్కి. సవరించుకోడానికి ఒక చక్రం కూడా ఉంది.

కొత్తగా ఎవరొచ్చినా బావ ఆ కిటికీ చూపించి ఒక ముచ్చట చెప్పేవాడు.

“చాలా ఏళ్ళ కిందట నాకో అనుమానం పట్టుకుంది, ఈ రికార్డు మొదటి వైపు శ్రుతి హెచ్చుగా ఉందేమోనని. ఆ రాత్రే ప్లేయరు మొత్తం విప్పాను. బెల్టు మార్చాను, నూనె వేశాను, మళ్ళీ బిగించి ముల్లు దించాను. కిటికీలో గుర్తులు కదిలితే ఒట్టు! అనుమానం తీరిపోయింది.”

ఆ శ్రద్ధంటే నాకు గౌరవం. ఆపరేషన్ బల్ల మీద ఒక మనిషి ఊపిరినీ గుండెనీ తన చేతుల్లో పెట్టుకునే డాక్టరు, తనకనిపించింది కాదు, మీటరు చెప్పింది నమ్మాలి. ఆ నమ్మకం మీద ఎందరో బతికి బయటపడ్డారు. సంగీతం దగ్గరా ఆయన అదే నిష్ఠ చూపించాడు.

1992లో కొలంబియా ‘కైండ్ ఆఫ్ బ్లూ’ని మళ్ళీ సీడీగా విడుదల చేసింది. బావ సీడీలు కొనడు. స్నేహితుడొకడు తెచ్చిచ్చాడు. అందులో ఉన్న సంగతి చదివి, అప్పటికి వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న నాకు రాత్రికి రాత్రే ఫోన్ చేశాడు.

ఆ మార్చి 2న స్టూడియోలో అసలు టేపు యంత్రంతో పాటు జాగ్రత్త కోసం మరొకటి నడిచింది. అసలు యంత్రం ఉండాల్సిన స్పీడు కంటే కాస్త నిదానంగా తిరిగింది. నిదానంగా ఎక్కిన పాటని మామూలు స్పీడులో వినిపిస్తే వేగం, శ్రుతి రెండూ పెరుగుతాయి. ఎల్పీలన్నీ ఆ టేపు నుంచే అచ్చయ్యాయి. 33 ఏళ్ళ పాటు లోకమంతా ఆ మూడు పాటల్ని హెచ్చు శ్రుతిలోనే విన్నది. పక్క స్వరస్థానం మీద పడేంత హెచ్చు కాదు, అయినా తేడా తేడాయే. 1992లో జాగ్రత్త టేపు తీసి దోషం సరిచేశారు.

బావ ప్లేయరు అబద్ధం చెప్పలేదు. పళ్ళెం సరిగ్గా తిరుగుతోందా అని అడిగితే తిరుగుతోందని చెప్పింది. తప్పు పళ్ళెంలో లేదు, రికార్డు పుట్టకముందే టేపులో చేరిపోయింది. అక్కడిదాకా ఏ కిటికీలోంచీ కనపడదు.

“శనివారం రా. సీడీలో వినడం కాదు, నా ఎల్పీనే సరిచేసి వినిపిస్తాను” అన్నాడు.

వెళ్ళాను. పాత స్నేహితులందరూ వచ్చారు. వాల్వులు వేడెక్కాయి. శ్రుతి చెవిలో నిలవాలని బావ ముందు రెండో వైపు పెట్టాడు. ‘ఆల్ బ్లూస్’ చివరిదాకా విన్నాం. తర్వాత రికార్డు తిప్పి, ‘సో వాట్’ మీద ముల్లు దించి, స్పీడు చక్రం మీద వేలు పెట్టాడు.

చక్రం తగ్గించగానే కిటికీలో గుర్తులు వెనక్కి జారడం మొదలుపెట్టాయి. అన్నేళ్ళలో ఆ ప్లేయరు తప్పు స్పీడులో తిరగడం అదే మొదటిసారి. పాట సరిగ్గా పలకాలంటే గుర్తులు జారాల్సిందే. కాని ఎంత జారాలి? దానికి ఆ కిటికీలో కొలత లేదు. ఒక ఇంజనీరు “ఇంకా తగ్గించాలి” అన్నాడు. పక్కనున్న డాక్టరు “అప్పుడే మరీ దిగిపోయింది” అన్నాడు. బావ ముల్లు ఎత్తి మళ్ళీ మొదటికి పెట్టాడు. చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నుదుట చెమట పట్టింది. ప్రతిసారీ బేస్ అదే ప్రశ్న వేస్తోంది, గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

“ఇంకొంచెం దించండి.”

గొంతు వంటింట్లోంచి వచ్చింది. బావ తలెత్తకుండానే చక్రం కదిపాడు.

“ఇంకొక్క పిసరు... ఆఁ! అక్కడ ఆపండి.”

ఆపాడు. మేడమీద మేనల్లుడి సీడీ ప్లేయరు ఉంటే నేను కిందికి తెచ్చి, కొత్త సీడీలో అదే పాట పెట్టాను. ఒకటి ఆపి ఒకటి, మళ్ళీ రెండూ కలిపి విన్నాం. బేస్ మీద బేస్, పియానో మీద పియానో వచ్చి కూర్చున్నాయి. రెండింటి మధ్య వెంట్రుకవాసి ఎడం లేదు. స్నేహితులు చప్పట్లు కొట్టారు. బావ మాత్రం వంటింటి గుమ్మం వైపే చూస్తున్నాడు.

“నీకెలా తెలిసింది?”

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఈ స్పీకర్లు రాకముందు, మీరు ఆస్పత్రికి వెళ్ళాక ఈ రికార్డు పెట్టుకుని వీణ వాయించుకునేదాన్ని. రెండో వైపు నా శ్రుతిపెట్టెకి చక్కగా కలిసేది. మొదటి వైపు పెడితే కలిసేది కాదు. బిరడాలన్నీ కాస్త కాస్త బిగించుకోవాల్సి వచ్చేది. రికార్డు తిప్పితే మళ్ళీ దించుకునేదాన్ని. ఎంత బిగించేదాన్నో వేళ్ళకి ఇంకా గుర్తుంది.”

బావ ముఖంలో ఆనందం, ఆశ్చర్యం ఒకదాన్నొకటి తోసుకున్నాయి. స్నేహితుల వైపు తిరిగి, “చూశారా, ప్రపంచంలో ఎవరూ కనిపెట్టనిది మా ఇంట్లోనే కనిపెట్టారు!” అన్నాడు. మళ్ళీ అక్క వైపు తిరిగి, నిజంగా నొచ్చుకున్న గొంతుతో, “ఇంత తెలిసి నాకు ఒక్కమాట చెప్పలేదేం?” అని అడిగాడు.

“చెప్పాను” అంది అక్క. “మీకు పట్టుకుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారే, ఆ అనుమానం నాదేనండీ. నేను చెబితే మీరు ప్లేయర్ని అడిగారు.”