అటక పద్యానికి టీకా తాత్పర్యం

అటక దించకుండ అప్పుకు పోరాదు
మేస్త్రి మాట నమ్మి మెతక పడకు
సబ్సిడీని తలచి సంబర పడబోకు
ఇల్లు నీది, బిల్లు ఎవనిదయ్య

అవతారిక: వంటగది గోడ చెమ్మకు పెచ్చులూడుతుండగా, ఎదురింటివారు టైల్స్ మార్పించిన శుభవేళ, ఒకానొక గృహస్థు "మూడు లక్షల్లో అయిపోతుంది" అని ప్రకటించగా, ఆ ఇల్లాలు కరెంటు బిల్లు వెనక రాసి ఫ్రిజ్‌కు అంటించిన ఆటవెలది ఇది. కవయిత్రి పేరు చెప్పను; ఆవిడ చేతి కాఫీ తాగి బతుకుతున్నవాణ్ణి. "బిల్లు ఎవని" దగ్గర సంధి చేయలేదని పండితులు వంక పెడతారు. గోడకూ కిటికీ చట్రానికీ మధ్య వేలు దూరేంత సందు వదిలిన మేస్త్రిని ఏమీ అనలేనివాళ్లు కవయిత్రిని అనడం దేనికి?

ప్రతిపదార్థం: అటక = "ఎప్పటికైనా పనికొస్తుంది" అనే వాక్యం కాపురముండే చోటు; దించకుండ = ఒక్కొక్క వస్తువునూ కిందికి తెచ్చి, దుమ్ము దులిపి, "ఇది ఎవరిది?" అని ఇంటిల్లిపాదినీ అడగకుండా; అప్పుకు = ఈఎంఐకి; పోరాదు = సుఖంగా పోవచ్చు గానీ తిరిగి రావడం కష్టం. తక్కినవి స్పష్టం.

వ్యాఖ్య: అప్పుకంటే ముందు అటక ఎందుకని శంక. సమాధానం ప్రత్యక్ష ప్రమాణమే. సామాన్లకు చోటు లేదని గృహస్థు పది కొత్త అల్మరాలకు ఎస్టిమేటు వేయించాడు. ఆదివారం అటక దించితే టీవీ లేని టీవీ పెట్టె, మూతల్లేని హాట్‌ప్యాకులు నాలుగు, పెళ్లిళ్లలో చదివించిన గోడ గడియారాలు ఆరు, కాలిపోయిన మిక్సీ, అమ్మమ్మగారి ఇత్తడి గంగాళం వచ్చాయి. గంగాళం అమ్మరాదని ఇల్లాలి శాసనం. మిగతాది పాత సామాన్ల బండి ఎక్కింది. ట్యూబులైట్లు, బ్యాటరీలు విడిగా కట్టి మున్సిపాలిటీ వాళ్లకు ఇచ్చాం. (రెగ్జిన్ సోఫాను భోగి దాకా దాచి మంటలో వేద్దామని పక్కింటాయన సలహా. ఆ పొగ పీల్చేది మనమే.) సాయంత్రానికి పది అల్మరాలు ఆరయ్యాయి.

అదీగాక, అటక చివర ఒక సూట్‌కేసు. అందులో దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ప్లాను కాపీ, ఇంటి పన్ను రసీదులు. ఇంటి మీద అప్పు కావాలంటే బ్యాంకు మొదట అడిగేవి ఇవే. ఇప్పుడిప్పుడే గృహరుణం తీరుస్తున్నవారికి ఒక మాట: 2023 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయలు మనకు కట్టాలి. అడిగి తెచ్చుకోండి, అటక మీద మాత్రం పెట్టకండి.

'అప్పు' శబ్దం నానార్థకం. ఇంటి మరమ్మతు రుణం, నడుస్తున్న గృహరుణం మీద టాపప్, పర్సనల్ లోను, బంగారం తాకట్టు, చీటీ పాట. మొదటి రెండింటికి వడ్డీ సాధారణంగా తక్కువ, కాలం ఎక్కువ. మోసమంతా ఆ కాలంలోనే ఉంది. మూడు లక్షలు 9 శాతానికి తెచ్చామనుకోండి. 15 ఏళ్లకైతే నెలకు 3,043 రూపాయలే, ప్రాణానికి హాయి. కానీ మొత్తం వడ్డీ దాదాపు రెండు లక్షల 48 వేలు. అదే 5 ఏళ్లకైతే నెలకు 6,228, వడ్డీ 74 వేల లోపు. టైల్స్ అరిగి మళ్లీ మార్చే వేళకూ పాత టైల్స్ వాయిదా కట్టడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు. చీటీ ఎత్తేవారు పాటలో పోయేది కాక, నిర్వాహకుడి కమీషన్ 2019 సవరణతో 7 శాతం దాకా ఉండవచ్చని లెక్కలో వేసుకోవాలి.

మేస్త్రి మాట = "పనిలో పని, బాల్కనీ కూడా లాగించేద్దాం సార్." మెతకపడటం అంటే దానికి తలూపడం. స్కర్టింగు ఏ లెక్కన కొలుస్తారు, మెటీరియల్ ఎవరిది, లప్పం ఎన్ని కోట్లు అన్నవి కాగితం మీద పెట్టి, పని జరిగినంతకే డబ్బివ్వాలి. గోడ పగలగొడితే తుప్పుపట్టిన పైపు బయటపడకమానదు; మూడు లక్షల పనికి కనీసం ముప్పై నలభై వేలు పక్కన ఉండాలి.

సబ్సిడీ విషయంలో కవయిత్రి కఠినం. తెలంగాణ ఇందిరమ్మ ఇంటి 5 లక్షలు ఇల్లు లేని పేదలు కొత్తగా కట్టుకోవడానికి, దశలవారీగా ఇచ్చేవి. పక్కా ఇల్లున్నవాడు వంటగది మార్చుకోవడానికి కావు. అలాంటివాడికి నిజంగా దక్కేది కప్పు మీద ఉంది: పీఎం సూర్యఘర్ కింద కిలోవాటుకు 30,000 చొప్పున రెంటికి 60,000, మూడు కిలోవాట్లూ ఆపైనా 78,000. అదీ సౌర పలకలు బిగించి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. అందుకే 'తలచి' అన్నది. చేతికి రాకముందే ఖర్చుపెట్టేవాడి క్రియ అది. కప్పు కారుతుంటే వాటర్‌ప్రూఫింగ్ ముందే చేయించాలి. పలకల కింద చీపురు కూడా దూరదు.

ఇల్లు, బిల్లు: ప్రాస శబ్దానికే, అర్థంలో లేదు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా సార్" అనే మాటకు లొంగితే వారంటీ అడగడానికి చేతిలో కాగితముండదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి సొంతింటి మరమ్మతు అప్పు వడ్డీ మీద ఏడాదికి 30,000 దాకా మినహాయింపు ఉంది. అది ఇంటి యజమానికే, అతను చేసిన అప్పుకే.

పాఠాంతరం: ఫ్రిజ్ మీది ప్రతిలో "ఇల్లు నీది" అన్నచోట 'నీ' కొట్టివేసి 'నా' అని ఎర్ర సిరాతో దిద్ది ఉంది. గణాలకు భంగం లేదు. లేఖక ప్రమాదమేమోనని సూట్‌కేసులోని దస్తావేజు విప్పి చూశాను. స్థలం మామగారు కూతురి పేర రాసిచ్చింది. దిద్దుబాటే సరైన పాఠం. మినహాయింపు లెక్క వేసుకున్న కాగితం పాత సామాన్ల బండి మళ్లీ వచ్చినప్పుడు ఇచ్చేశాను.